లెక్క అడుగగల దూరము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



'ఇల్లు, ఊరు, రాజ్యము' అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేను పండితుడను గాను. గురువుల యెదుట చదివిన చదువు ఉన్నత పాఠశాలతోనే ముగిసినది. భారత భాగవతములును, ఆముక్తమాల్యదయు ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, నాకు నేనై చదువుకొన్నవి. నా వృత్తి సహకార పరపతి సంఘమున లెక్కలు వ్రాయుట. కావున నా మాటలలో శాస్త్రము తక్కువగాను, చిట్టా ఆవర్జాల వాసన ఎక్కువగాను ఉండును. మన్నింపుడు.

కాలము వేగముగా మారుచున్నప్పుడు పాతదానిలో కొంత నిలుపుకొనవలెనని చెప్పువానిని లోకము ఛాందసుడని పిలుచును. ఆ పేరు నాకు పెట్టినను బాధ లేదు. కాని ఏది నిలుపవలెను, ఎందులకు నిలుపవలెను అని అడిగినప్పుడు సమాధానము చెప్పలేని ఛాందసము వట్టి మొండితనమే. నాకు తోచిన సమాధానము ఇది: సొమ్ము వెచ్చించువానిని, ఆ వెచ్చము మంచిచెడులు అనుభవించువాడు ఎదుట నిలిచి లెక్క అడుగగల దూరములో ఉన్నంతవరకే ఆ సొమ్ము క్షేమము. ఇంటిని, ఊరిని మనము కాపాడుకొనవలసినది అవి పాతవి అగుటచేత కాదు. ఆ దూరము అక్కడ తక్కువ అగుటచేత. ఈ ఒక్క మాటనే నాలుగు వైపులనుండి చూపుటకు ప్రయత్నింతును.

ముందు ఇంటిని తీసికొందము. ఇల్లు ఒక చిన్న రాజ్యము. ఆదాయ వ్యయములు, అప్పుసప్పులు, విద్య, వైద్యము, దానము, అతిథి సత్కారము అన్నియు అక్కడ ఉన్నవి. భారతమున యక్షుడు సుఖమును గూర్చి అడిగినప్పుడు ధర్మరాజు చెప్పిన సమాధానములో అప్పు లేకుండుట ఒక లక్షణముగా వచ్చినది. జూదమున రాజ్యము పోగొట్టుకొని అడవులలో తిరుగుచున్నవాడు సిరిసంపదలను తలపక అప్పులేమిని తలచుట గమనింపదగినది. అనుభవము ఆయనచేత ఆ మాట పలికించినది.

అప్పు అంతయు చెడ్డది కాదు. విత్తనమునకు, ఎరువునకు, పాడిగేదెకు తెచ్చిన అప్పు తనను తీర్చు ఉపాయమును తనతోనే తెచ్చుకొనును. పైరు వచ్చిన నాడు తీరును; రాని యేడు వాయిదా పడును. కాని పంట పేరు చెప్పి తెచ్చి పెండ్లి పందిళ్లకు పోసిన అప్పునకు ఫలసాయము లేదు. అది భూమిని తిని తీరవలసినదే. ఇట్టి అప్పులను గూర్చి విచారించినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించునది అప్పు మొత్తము కాదు. ఇంటి యజమాని చేసిన అప్పు, నోటీసు గుమ్మమునకు వచ్చిన నాటివరకు ఇంటి ఇల్లాలికి తెలియకపోవుట. తెలిసియుండినచో సగము అప్పు చేయనిచ్చియుండెడిది కాదు.

ఉమ్మడి కుటుంబమును పొగడువారును కలరు, తెగడువారును కలరు. రెండు పక్షముల మాటలలోను సత్యము ఉన్నది. బీమా సంఘములు లేని కాలమున ఉమ్మడి కుటుంబమే బీమా. ఒకని చేను మునిగినను మరియొకని మెరక పొలము అన్నము పెట్టెడిది. విధవరాలు, తండ్రిలేని పిల్ల, మంచమెక్కిన ముసలివాడు వీధిన పడకుండ కాచినది అదియే. 2007లో తల్లిదండ్రుల పోషణకు కేంద్ర ప్రభుత్వము ఒక చట్టము చేసినది. కన్నవారిని చూడని బిడ్డలచే నెలకు ఇంత అని ఇప్పించు అధికారము ట్రిబ్యునలుకు వచ్చినది. అట్టి చట్టము అవసరమగుటయే మన దుస్థితికి గుర్తు. ట్రిబ్యునలు భరణము ఇప్పింపగలదు గాని, సాయంకాలము అరుగుమీద ప్రక్కన కూర్చుండి, "నాయనా, మందు వేసికొంటివా?" అని అడుగువానిని ఇప్పింపజాలదు.

అయినను ఆ పాత ఇంటిలో ఒక లోపము ఉండెను. లెక్క పెద్దవాని యొక్కని నడుములో ఉండెడిది. ఆడువారు అడుగరాదు. కోడలు అసలే అడుగరాదు. కూతురికి వాటాయే లేదు గనుక ఆమెకు అడుగు హక్కే లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కొంత మార్పు తెచ్చినది. 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చునట్లు ఆంధ్రప్రదేశమున చేసిన సవరణ, పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కూతురికిని కొడుకుతోపాటు పుట్టుకతో హక్కు ఇచ్చినది. దేశమంతటికి అట్టి హక్కు వచ్చినది 2005లో. కూతురికి వాటా ఇచ్చిన ఇల్లు చీలిపోవునని భయపడినవారు మన పెద్దలలో చాలమంది ఉండిరి. నేను చూచినంతవరకు ఇంటిని చీల్చునది కూతురి వాటా కాదు, చెప్పని లెక్క. తోబుట్టువులకు తెలియకుండ వ్రాయించిన దస్తావేజు చీల్చినన్ని ఇండ్లను ఏ చట్టమును చీల్చలేదు. కనుక ఉమ్మడి బాధ్యతను నిలుపుకొందము. పెద్దవాని లెక్కను ఇంటిల్లిపాదియు చూచు అలవాటును క్రొత్తగా చేర్చుకొందము. ఇది పాతదానిని చెరచుట కాదు. చెద పట్టిన దూలమును మార్చినవాడు ఇంటిని కూల్చినట్లు కాదు గదా!

ఇంటి లెక్కను ఆడువారు అడిగిన నాడు ఏమి జరుగునో మన తెలుగుదేశమే లోకమునకు చూపినది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము మొదలైనది. రాత్రిబడులలో పెద్దలకు బోధించు వాచకమున సీతమ్మ కథ అను పాఠము ఒకటి ఉండెను. భర్త త్రాగుడుకు బలియైన ఒక సంసారపు కథ అది. ఆ పాఠము అక్షరములకంటె ముందు మనస్సులో నాటుకొన్నది. 1992లో కలిగిరి మండలమందలి దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు ఊరి సారా దుకాణమునకు అడ్డు నిలిచిరి. నిప్పు ప్రక్క ఊరికి ప్రాకినట్లు ఆ పట్టుదల జిల్లా అంతయు వ్యాపించినది. సారా వేలములు జరుగకుండ ఆడువారు అడ్డుకొనిరి.

ఇందలి ఆర్థిక విషయమును గమనింపుడు. ఆనాడు సారా రాష్ట్ర ఖజానాకు పెద్ద రాబడి. సారాను పొట్లములలో నింపి ఊరూరికి పంపు పథకమునకు 'వారుణి వాహిని' అని సంస్కృతపు పేరు కూడ పెట్టిరి. పాలసముద్రమును చిలికినప్పుడు పుట్టిన వారుణి, కూలివాని గుడిసెదాక ప్రవహించినది! ఖజానా పద్దులో అది జమ. కూలివాని ఇంటి పద్దులో అది ఖర్చు. ఖజానా లెక్క వ్రాయువానికి ఆ రెండవ పుస్తకము కనబడదు. అది ఆ ఇంటి ఇల్లాలికి మాత్రమే తెలియును. ఆమె చదువు నేర్చి వచ్చి ఆ పుస్తకము విప్పి చూపినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. నిషేధ చట్టము మంచిదా కాదా అను వాదమునకు నేను పోను. చట్టము వచ్చినది, పోయినది. కాని ఆ ఉద్యమము వెనుకనే నెల్లూరు జిల్లాలో స్త్రీలు దినమునకు 1 రూపాయి చొప్పున దాచుకొను 'పొదుపు లక్ష్మి' సంఘములు వెలసినవి. సారా దుకాణమునకు పోవుచున్న రూపాయి సంఘము పెట్టెలోనికి వచ్చినది. ఆ పొదుపు అలవాటు నేటికిని ఊరూర నిలిచియున్నది. పైనుండి దిగినది తొలగినను, ఇంటినుండి మొలిచినది నిలిచినది.

ఇక రాజ్యము సంగతి. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు రాజనీతిని చెప్పుచు, రాబడిని నాలుగు భాగములు చేయు పద్ధతి చెప్పినాడు. దానములకును, భోగములకును కలిపి ఒక భాగమే. సేనకు రెండు. బొక్కసమునకు ఒకటి. భోగమును దానమును ఒకే భాగములో ఇరికించుటలో ఎంత లెక్క ఉన్నదో చూడుడు. దానము పెంచవలెనన్న రాజు తన భోగము తగ్గించుకొనవలసినదే; అప్పు చేసి దానము చేయుటకు అందులో పద్దు లేదు. అదే సందర్భమున ఆయన, రాజ్యము చిన్నదైనను చెరువులును కాలువలును త్రవ్వించి, పేదకు శిస్తులో సడలింపు ఇచ్చినచో అర్థము ధర్మము రెండును పెరుగునని చెప్పినాడు. రాజు చేయవలసినది నీరు పారించుట. దున్నుట రైతు చేయును. రాజు మేడి పట్టినను చెడును, కాలువ మరచినను చెడును. ఈ హద్దు తెలియుటయే ఆర్థిక విధానములో సగమని నా నమ్మకము.

ఈ హద్దును గూర్చి మన దేశమున పెద్ద వాదము జరిగిన సంవత్సరము 1959. ఆ యేడు జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, ఉమ్మడి సహకార వ్యవసాయమే దేశమునకు గమ్యమని తీర్మానించినది. రైతులు భూములను కలిపి సాగుచేయవలెను; హక్కు రైతుదే యైనను సాగు ఉమ్మడిది. నెహ్రూగారి ఉద్దేశము మంచిది. చిన్న చిన్న చెక్కలు కలిసినచో యంత్రము, ఎరువు, పెట్టుబడి సులభముగా వచ్చునని ఆయన ఆశ. దీనిని మన నిడుబ్రోలు వాడైన ఆచార్య రంగా ఎదిరించి కాంగ్రెసును విడిచెను. ఎనుబది యేండ్ల రాజాజీ ముందు నిలువగా 1959 జూనులో మద్రాసున స్వతంత్ర పార్టీ పుట్టినది. దానికి తొలి అధ్యక్షుడు రంగాయే. తన గట్టును తాను వేసికొనువాడు, తన తెగులును తాను చూచుకొనువాడు రైతు; ఆ శ్రద్ధ జీతగానికి రాదని వారి వాదము. వ్యాపారమునకు, పరిశ్రమకు అడుగడుగున అనుమతి పత్రము అడుగు పద్ధతికి రాజాజీ 'పర్మిట్ లైసెన్సు రాజ్యము' అని పేరు పెట్టినాడు.

ఆ పార్టీకి 1962లో లోకసభలో 18 స్థానములు, 1967లో 44 స్థానములు వచ్చినవి. 1971లో అది కుప్పగూలినది. 1974లో మరియొక పక్షములో కలిసిపోయినది. జమీందారులు, సంస్థానాధీశులు, పెద్ద వర్తకులు అందు చేరిరనియు, భూమిలేని కూలికి అది చెప్పినది తక్కువ యనియు చేసిన విమర్శ త్రోసివేయదగినది కాదు. తన గట్టును తాను కాచుకొనుమని గట్టే లేనివానికి చెప్పుట సరిపోదు. కాని వాదములో గెలిచినది ఎవరో కాలము చెప్పినది. ఉమ్మడి సాగు దేశమున వేరూనలేదు. 1991 జులైలో తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 18 పరిశ్రమలు తప్ప తక్కినవానికి లైసెన్సు అక్కర లేదని ప్రభుత్వమే ప్రకటించినది. పార్టీ పోయినను దాని మాటలలో ఒకటి శాసనమైనది.

అట్లని సర్కారు చేయి ఎక్కడను వద్దని నేను చెప్పుట లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఏ ఊరు తన్ను తాను కాపాడుకొనగలిగెను? కొట్టుకొనిపోయిన ఊరిని చందాలు మాత్రమే నిలుపజాలవు. 1983లో కిలో 2 రూపాయలకు బియ్యము ఇచ్చినప్పుడు ఎందరో పండితులు ఖజానాను తలచి గుండెలు బాదుకొనిరి. కాని పొయ్యి వెలుగని ఇంటికి పొదుపు బోధించుట అధర్మము. ఇల్లు చేయజాలనిది ఊరు చేయవలెను. ఊరు చేయజాలనిది రాజ్యము చేయవలెను. ఈ మెట్ల వరుస తలక్రిందులైనప్పుడే, అనగా ఇల్లు చేయగలదానిని రాజ్యము చేసిపెట్టి, రాజ్యము చేయవలసినదానిని ఇంటికి వదలివేసినప్పుడే, కష్టము.

దూరము సర్కారుది మాత్రమే కాదు. డబ్బుది కూడ. లైసెన్సులు పోయిన పిదప పెట్టుబడి స్వేచ్ఛగా తిరుగసాగినది. మంచిదే. కాని అది ఊరికి ఎట్లు వచ్చినది? సూక్ష్మ ఋణ సంస్థల రూపమున వచ్చినది. వారము వారము కిస్తీ. ఒకతె కట్టనిచో తక్కినవారిపై ఒత్తిడి. ఒక సంస్థ అప్పు తీర్చుటకు మరియొక సంస్థ అప్పు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అత్యవసర శాసనము చేసి ఆ వసూళ్లకు కళ్లెము వేయవలసి వచ్చినది. ఇప్పుడు ఆ అప్పులవాడు గుమ్మమునకు కూడ రానక్కర లేదు. ఫోనులో వ్రేలు ఒత్తిన నిమిషములలో అప్పు వచ్చుచున్నది. ఇచ్చినవాడెవడో తెలియదు, వడ్డీ ఎంతయో తెలియదు. తీర్చనినాడు మన బంధువుల ఫోనులకు బెదిరింపులు పోవుచున్నవి. పాత కాలపు వడ్డీ వ్యాపారి కఠినుడే కావచ్చును. కాని అతడు రేపు రామకోవెలలో మన ఎదుట నిలువవలసినవాడు. ఆ మొగమాటమే అతనికి కొంత కళ్లెము. ముఖము లేని అప్పునకు మొగమాటము లేదు. కనుక సర్కారును మాత్రమే దూరముంచి, దూరపు వర్తకుని గుడ్డిగా నమ్మువాడు నిజమైన ఛాందసుడు కాడని నా మనవి. లెక్క అడుగుటకు వీలులేని ప్రతి చేతిని సమానముగా అనుమానింపవలెను.

ఈ రెండు దూరముల నడుమ ఊరు ఉన్నది. సహకార సంఘము అను ఆలోచన ఆ నడిమి చోటునుండి పుట్టినదే. మన దేశమున తొలి సహకార పరపతి చట్టము 1904 నాటిది. సభ్యుల డబ్బు, సభ్యుల పూచీ, సభ్యుల లెక్క అనునది అందలి తత్త్వము. కాలక్రమమున సర్కారు వాటాధనము పెట్టినది. వాటా వెంబడి అధికారి వచ్చినాడు. అధికారి వెంబడి పార్టీ వచ్చినది. సభ్యుడు యజమానియని మరచి అర్జీదారుడైనాడు. ఈ లోపమును గుర్తించి 1995లో ఆంధ్రప్రదేశము పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేసినది. సర్కారు వాటాధనము తీసికొనని సంఘము తన పాలన తానే చూచుకొనవచ్చునని దాని సారము. ఇతర రాష్ట్రములకు అది మార్గదర్శకమైనది. చట్టమునకు ముందే ఆ దారి నడిచిన ఊరు మన తెలుగునేలమీద ఉన్నది. నాటి కరీంనగరు జిల్లాలోని ములుకనూరులో 1956లో విశ్వనాథరెడ్డిగారి పూనికతో సహకార గ్రామీణ బ్యాంకు మొదలైనది. అప్పు ఇచ్చుటతో ఆగక, ఎరువు విత్తనములు అమ్ముట, పండిన ధాన్యమును కొనుట, మర ఆడించుట దాక అది సభ్యుని వెంట నడిచినది. తరములు మారినను నిలిచియున్నది. రహస్యమేమి? సభ్యుడు దాచుకొన్న సొమ్ము అందు ఉన్నది. తన సొమ్ము ఉన్న చోట ఎవడును నిద్రపోడు.

ఊరిని నేను ఇంతగా పొగడుచుండగా మీలో కొందరు నవ్వుకొనుచుందురు. న్యాయమే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టరు అంబేడ్కరు మన గ్రామమును సంకుచితత్వమునకును, అజ్ఞానమునకును ఆటపట్టుగా వర్ణించిరి. ఆయన మాట కటువైనను కల్ల కాదు. మాది కరణీకము చేసిన వంశము. ఊరి భూములన్నియు మా తాతల దప్తరములో ఉండెడివి. ఆ వ్రాత చదువగలవారు ఊరిలో వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. మాలపల్లె నుండి వచ్చినవాడు తన చెక్క ఏ సర్వే నంబరులో ఉన్నదో అడుగుటకు అరుగు క్రిందనే నిలువవలెను. దగ్గరలోనే ఉన్నాడు, అడుగగల దూరములో లేడు. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినప్పుడు మా ఇండ్లలో దుఃఖించిరి. దప్తరము ఒక్క కుటుంబము సొత్తు కాకపోవుట న్యాయమే. కనుక ఊరు దగ్గర అనగా గజములతో కొలిచిన దగ్గర కాదు. ఎవడైనను, ఏ పల్లెవాడైనను, ఏ ఆడుపడుచైనను తలయెత్తి 'ఈ పద్దు ఏమి?' అని అడుగగలిగిననాడే ఊరు దగ్గర. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చి గ్రామసభకు రాజ్యాంగమున స్థానము ఇచ్చినది. ఆ సభకు మనలో ఎందరము పోవుచున్నాము? పంచాయతీ లెక్క చదువుచున్నప్పుడు లేచి ప్రశ్న అడిగినవారు ఎందరు? హక్కు పుస్తకములో ఉండి నోట లేనిచో అది చెల్లని నోటు వంటిది.

ఇప్పుడు మన గ్రంథాలయము సంగతికి వత్తును. ఆంధ్రదేశమున గ్రంథాలయములు సర్కారు ఉత్తరువులతో పుట్టలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము ప్రజల పూనికతో వెలసినవి. వేటపాలెము గ్రంథాలయ భవనమునకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిరి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో విజయవాడలో గ్రంథాలయ మహాసభ జరిగినది. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడుల నడుమ కాలువమీద పడవలో పుస్తకములు తిరిగినవి. 1960 నాటి గ్రంథాలయ చట్టము వీని తరువాత వచ్చినది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది ఆ చట్టము క్రిందనే. ప్రజలు నాటిన మొక్కకు సర్కారు నీరు పోయుట మెచ్చదగినదే.

మన గ్రంథాలయ విషయమున కొన్ని నెలలుగా ఒక ఆలోచన సాగుచున్నది. చందాదారులు తగ్గుచున్నారు, యువకులు ఫోనులు చూచుచున్నారు, పైకప్పు కురియుచున్నది. కనుక చందా ఎత్తివేసి గ్రంథాలయమును పూర్తిగా సర్కారునకు అప్పగింతమని కొందరు మిత్రులు చెప్పుచున్నారు. వారి ఉద్దేశమును శంకింపను. వారును ఈ పుస్తకములమీద ప్రేమతోనే చెప్పుచున్నారు. కాని నా అభిప్రాయము వేరు. జిల్లా గ్రంథాలయ సంస్థను పుస్తకములు అడుగుదము. అది మన సుంకమే. 1972లో కలకత్తాలో నెలకొల్పిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానమునకును దరఖాస్తు పెట్టుదము. పైకప్పునకు గ్రాంటు వచ్చినచో తీసికొందము. తాళపుచెవి మాత్రము ఊరిలోనే ఉండవలెను. ఇచ్చట ఏ పుస్తకము కొనవలెను, ఎన్ని గంటలకు తలుపు తీయవలెను అనునది మనమే నిర్ణయింపవలెను.

చందా చిన్న మొత్తమే. దానితో పైకప్పు రాదు. కాని చందా కట్టినవాడు 'నా గ్రంథాలయము' అనును. కట్టనివాడు 'ఆ గ్రంథాలయము' అనును. ఈ రెండు మాటల నడుమ ఉన్న తేడాకు వెల కట్టలేము. బడిపిల్లలకును, కట్టలేనివారికిని చందా మాఫీ చేయుదము. కాని వారి పేర్లను వేరు జాబితాలో వ్రాయరాదు. సర్వసభ్య సమావేశమున ప్రశ్న అడుగు హక్కు అందరికి ఒక్కటే కావలెను. పల్లెలలోని చందాదారులు కార్యవర్గములోనికి రావలెను. ఆడువారు వచ్చుటకు వీలుగా మధ్యాహ్నము రెండు గంటలు తలుపు తీయవలెను. ప్రస్తుతపు వేళలలో వంటయింటి పనిలో ఉన్నవారు రాజాలరు. నెలనెల జమాఖర్చు కాగితము గుమ్మము ప్రక్క గోడకు అంటింపవలెను. సంవత్సరపు లెక్కను కార్యదర్శి గాక, ఆ యేడు ఎక్కువ పుస్తకములు చదివిన పిల్లవాడో పిల్లయో పైకి చదువవలెను. పద్దులు చదువ నేర్చిన పిల్లలు రేపు పంచాయతీ లెక్కను చదువుదురు. ఆ పిదప ఇంటి లెక్కను అడుగుదురు.

ఇండ్లను గూర్చియు ఒక మనవి. ప్రతి ఇంట ఒక పుస్తకము పెట్టుడు. వందపుటల బడి పుస్తకము చాలును. రాబడి, వెచ్చము, అప్పు మూడు గళ్లు. నెలకు ఒకనాడు భోజనము తరువాత ఇంటివారందరి యెదుట చదువుడు. పట్టణములలోను, పరదేశములలోను ఉన్న బిడ్డలకు ఫోనులో చదివి వినిపింపుడు. వారు పంపిన సొమ్ము ఏమైనదో వారికి తెలియును. ఇచ్చట అమ్మ మందులకు ఎంత అగుచున్నదో తెలియును. సొమ్ము పంపుటతో తీరినదనుకొన్న బాధ్యత, లెక్క వినినప్పుడు మరల మనస్సులో మెదలును. మొదట నెల రెండు నెలలు యజమానికి కొంత బిడియముగా ఉండును. అది మంచి బిడియము. దానిని ఓర్చుకొన్న ఇంట నోటీసు వచ్చిననాడు ఏడ్చుట ఉండదు.

ఇరువదియైదు సంవత్సరములు ఒక ఊరు తన చందాలతో ఒక తలుపును తెరచి ఉంచుట చిన్న విషయము కాదు. ఆ తలుపు తెరచియుండవలెనా, ఎవరి చేత తెరువబడవలెను అనునది వచ్చు సర్వసభ్య సమావేశమున మీరు నిర్ణయింతురు. నా ఓటు ఎటో చెప్పితిని. మీరు వేరుగా తలచినచో అచ్చట లేచి చెప్పుడు, వాదింపుడు, లెక్కలు అడుగుడు. లెక్కల పుస్తకములు ఈ బల్లమీదనే ఉండును. ఎవరైనను విప్పి చూడవచ్చును.